ఏప్రిల్ ఇరవై మూడు, శనివారం

రెండువేల సంవత్సరం ఏప్రిల్ నెల, ఆ శుక్రవారం పొద్దున యువరాజ్ పెట్టుకున్న పనులు మూడే. పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీని కంప్యూటర్‌లో పెట్టి, దాన్ని నడిపే పాత లైనక్స్‌ను కొత్త లైనక్స్‌గా మార్చడం, అది మారేలోపు ఇంటికెళ్ళి అమ్మ పోసే దోసెలు తినడం, తిరిగొచ్చి భారతం చీటీలు తొమ్మిది అచ్చు కొట్టి గుడి పెద్ద చేతిలో పెట్టడం. మూడింటిలో దోసెలు తినడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

పాకాలకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న కొలిమిగుంటపల్లెలో, ధర్మరాజుల గుడి దగ్గర ఏటా వేసవిలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా హరికథ, రాత్రి నాటకం. ఒక్కో రోజు బాధ్యత ఒక్కో ఇంటిది. ఎవరి రోజు ఎప్పుడో చెప్పే చీటీలను ముప్పై ఏళ్ళు ఓబయ్య తన చేత్తో రాశాడు. ఆయన కళ్ళు మసకబారాక గుడి పెద్ద ఏకాంబరం ఆ పనిని యువరాజ్‌కు అప్పగించాడు. దానికి బదులుగా గుడి పక్క గదిని కంప్యూటర్ సెంటర్ పెట్టుకోమని మూడేళ్ళకు అద్దె లేకుండా ఇచ్చాడు. ఆ మూడేళ్ళూ ఈ భారతంతో తీరిపోతాయి. గది ఉంటుందో ఊడుతుందో ఉత్సవం అయిన మర్నాడు తేలుస్తానని ఏకాంబరం ముందే చెప్పేశాడు. ఆయన ఎక్కువ మాట్లాడడు. కోపం వచ్చినా, సంతోషం వచ్చినా నడుముకు వేలాడే గుడి తాళంచెవుల గుత్తి మాత్రం గలగలమంటుంది. రెండు గలగలలకూ తేడా ఊళ్ళో అందరికీ తెలుసు.

గది పోతే యువరాజ్‌కు మరో దారి లేదు. ఉన్నది ఎనిమిది మంది విద్యార్థులు, ఒక కంప్యూటర్. ఆ ఒక్కటైనా వాళ్ళమ్మ కుప్పమ్మ గౌరి అనే పాడి ఆవును అమ్మి కొనిచ్చింది. కుప్పమ్మ ఆ సంగతిని దోసెకొకసారి గుర్తు చేస్తుంది, కంప్యూటర్ని కూడా గౌరి అనే పిలుస్తుంది.

"ఏమి జేస్తాండాది నా గౌరి?" అనడిగింది ఆ పొద్దున, పెనం మీద పిండి తిప్పుతూ.

"కొత్త లైనక్స్ ఎక్కతా ఉండాదిమా."

"పాతదానికేం రోగం?"

"రోగమేం లేదు. కొత్తది వచ్చినాది గదా, అందుకు."

"అసలు గౌరి పదేళ్ళుండింది. ఒక్కనాడన్నా కొత్త గౌరిగా మారిందా? పొద్దున రెండు లీటర్లు, మాపటికి రెండు లీటర్లు. మారకుండా."

యువరాజ్ ఆఖరి దోసె ముక్క నోట్లో పెట్టుకుని లేచాడు. తిరిగి గదికొచ్చేసరికి కంప్యూటర్ తెర మీద ప్రశ్నలు వరసగా నిలబడి ఉన్నాయి. పాత ఫైళ్ళు కొన్ని ఉన్నాయి, ఉంచమంటావా తీసేయమంటావా అన్నది ఒక ప్రశ్న. పెళ్ళిపీటల మీద వరుడు పురోహితుడికి తలూపినట్టు యువరాజ్ అన్నిటికీ ఒకే మీట నొక్కుకుంటూ పోయాడు.

మొదటి తొమ్మిది రోజుల చీటీలు ఉత్సవానికి ముందే పాత లైనక్స్‌లో అచ్చు కొట్టి ఇచ్చేశాడు. ఇప్పుడు మిగిలినవి పదో రోజు నుంచి పద్దెనిమిదో రోజు దాకా. తేదీనీ వారాన్నీ మిషన్ ఇంగ్లీషులో కొడుతుంది. దాని కిందే యువరాజ్ తెలుగులో రాసి, ఇంటిపేరూ ఆ నాటి కథా చేరుస్తాడు. పదో రోజు బకాసుర వధ. తిరుమలమ్మ ఇంటివాళ్ళది. మిషన్ ఏప్రిల్ ఇరవై మూడు, శనివారం అని కొట్టింది. యువరాజ్ కింద ఏప్రిల్ ఇరవై మూడు, శనివారం అని గుండ్రంగా రాశాడు. ఇవాళ ఇరవై ఒకటి శుక్రవారమైతే ఇరవై మూడు ఆదివారం అవుతుందని వేళ్ళ మీద లెక్కేసినా తెలిసిపోయేది. కానీ వేళ్ళు కీబోర్డు మీద ఉన్న మనిషి వేళ్ళ మీద లెక్కెయ్యడు.

ఏకాంబరం చీటీలను చదవకుండానే తలారి చేత పంపించాడు. సాయంత్రం యువరాజ్ సైకిల్ మీద పోతుంటే తిరుమలమ్మ వీధిలో అడ్డంగా నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. ఆమె నిలబడితే ఎద్దులబండి కూడా ఆగుతుంది.

"ఒరే యువరాజూ, చీటీలో శనివారమని ఉండాదంట. మా మనవరాలు చదివింది. శనివారమంటే రేపే గదరా?"

"చీటీలో ఏముంటే అదే అవ్వా."

"రేపు లక్క ఇల్లు గదరా? మాది పదో రోజు. వేళ్ళ మీద లెక్కేస్తే ఆదివారం వస్తా ఉండాది."

యువరాజ్‌కు ఆ చీటీలో ఏముందో జ్ఞాపకం లేదు. కానీ యంత్రాన్ని వేళ్ళతో పోల్చడం అతనికి నచ్చలేదు. సైకిల్ స్టాండు వేశాడు.

"అవ్వా, జనవరి ఒకటో తేదీ రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తప్పులు జెప్తాయని లోకమంతా వణికిపోయినారు. నువ్వు రేడియోలో యినలా? తిరపతికి పోయి కొత్త ఫైలు ఫ్లాపీలో తెచ్చి యేసినా. అమెరికా వణికింది గానీ మన మిషన్ వణకలా. దానికి వారం తెలియకుండా పోతాదా?"

"పెద్దోళ్ళేమన్నా ముహూర్తం మార్చినారేమో అయితే," అంది తిరుమలమ్మ, తనకు తానే సర్దిచెప్పుకుంటూ. చీటీలో తేదీ ఉందన్న సంగతి ఆమెకు పట్టలేదు. తేదీలు గవర్నమెంటువాళ్ళవి, వారాలు దేవుడివి అన్నది ఆమె లెక్క. ఆమె లోపలికి తిరిగి, "యాడుండారు మీరంతా! రేపే బకాసురుడు! రెండు మూటల బియ్యం దించండి!" అని కేకేసింది. ఆ కేక మూడు వీధుల అవతల ఉన్న కోడళ్ళక్కూడా అందింది.

శనివారం పొద్దున గుడి ముందరి మైదానంలో ఏకాంబరం లక్క ఇల్లు కట్టిస్తున్నాడు. తాటాకుల గుడిసె, లోపల ఎండుగడ్డి. పొద్దు వాలగానే దాన్ని తగలబెడతారు. ఆయన తాటాకు మీద తాటాకు సర్దుతుండగా వెనక మువ్వల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఎద్దులబండి. బండి నిండా అన్నం కొండ. కొండ చుట్టూ వడలు గుచ్చిన దండ. పక్కన గుమ్మడికాయ కూర అండాలు. బండి ముందు తిరుమలమ్మ, వెనక నలభై మంది బంధువులు.

గుత్తి గలగలమంది. సంతోషం గలగల కాదది.

"ఏంది మా ఇది? బకాసురుడు రేపు గదా?"

"చీటీ సూడు." తిరుమలమ్మ కొంగు ముడి విప్పి కాగితం చాచింది.

ఏకాంబరం చదివాడు. "ఇరవై మూడో తేదీ. రేపే గదమ్మా."

"వారం సూడు."

"శనివారం." ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. శనివారం ఆదివారం కాలేదు. "ఇదేందిది? పాము తల ఈ దిక్కు, తోక ఆ దిక్కు ఉండాది!"

తేదీ వైపు కొందరు, వారం వైపు కొందరు చేరిపోయారు. తేదీ వైపు చేరినవాళ్ళలో పోస్టుమాస్టరు, ఇద్దరు టీచర్లు ఉన్నారు. వారం వైపు అన్నం బండి ఉంది. అందుకని వారం బలం పెరుగుతూ పోయింది. పెరిగిన గుంపంతా కలిసి యువరాజ్ గదికి నడిచింది.

యువరాజ్ పిల్లలకు పాఠం చెబుతున్నాడు. చీటీ చూసి నవ్వాడు. "మిషన్ తప్పు జెప్పదు. కావాలంటే ఇప్పుడే అడగండి," అని ప్రోగ్రాం నడిపాడు. ఏప్రిల్ ఇరవై మూడు, శనివారం అని వచ్చింది. "సూడండి!" అన్నాడు గర్వంగా. గుంపంతా చూసింది. ఓబయ్య మాత్రం తెర వైపు కాక గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. మసక కళ్ళకు పెద్ద అక్షరాలు బాగానే కనిపిస్తాయి.

"గోడ మీద ఇరవై మూడు ఆదివారమని ఉండాదే అబ్బయా."

యువరాజ్ గోడ చూశాడు. కంప్యూటర్‌లోనే ఉన్న వేరే క్యాలెండర్‌ను తెరిచాడు. అందులో ఇరవై మూడు ఆదివారం. తన ప్రోగ్రాంను మళ్ళీ అడిగాడు. శనివారం. ఆదివారం, శనివారం, ఆదివారం, శనివారం. గుంపు తలలు రెండింటి మధ్యా ఊగాయి.

"ఒక నోట్లో రెండు నాలికలు," అన్నాడు ఏకాంబరం. గుత్తి గట్టిగా మోగింది. అందులో ఈ గది తాళంచెవి కూడా ఉందన్న సంగతి యువరాజ్‌కు ఆ మోతలో స్పష్టంగా వినిపించింది.

"తప్పెవురిదన్నా కానీ," అంది తిరుమలమ్మ, "బకాసురుడి బువ్వ గడప దాటినాక మళ్ళా ఇంట్లో కాలు పెట్టగూడదు. పెడితే ఆ ఇంటికి ఆకలి పట్టుకుంటాది. మా అత్త జెప్పింది, ఆమెకు వాళ్ళత్త జెప్పింది. బండి ఊరు తిరగాల్సిందే."

"తిరగాలంటే బండి మీద భీముడుండాల గదా! ధనంజయ యాడుండాడు?" అన్నాడు ఏకాంబరం.

ధనంజయ అంటే నాటకం కంపెనీలో భీముడి వేషం కట్టే మనిషి. తొంభై కిలోలు. బకాసుర వధ రోజు అన్నం బండి మీద కూర్చుని, ప్రతి ఇంటి ముందూ ఆగి, ఆ ఇంటి ఆడవాళ్ళు పెట్టిన ముద్ద తింటూ ఊరంతా తిరగాలి. భీముడు ముద్ద వదిలేస్తే ఆ ఇంటికి ఆ ఏడు పంట వదిలేసినట్టే. ధనంజయ ఎప్పుడూ ఒక్క ముద్ద వదిలింది లేదు. ఆయన బావమరిది ఇంటికి నాయుడుపేట వెళ్ళాడు. డైరీలో తేదీలు రాసుకునే మనిషి కాబట్టి రేపు పొద్దున దిగుతాడు.

అందరూ ఓబయ్య వైపు చూశారు. ఇలాంటి చిక్కుల్లో తీర్పు ఆయనదే. ఓబయ్య తీరిగ్గా పొడుం పీల్చి, తుమ్మి, "ఇందులో ఆలోచించేదేముండాది? చీటీ ఇచ్చినోడే భీముడు," అన్నాడు.

యువరాజ్ నలభై ఎనిమిది కిలోలు ఉంటాడు, జేబులో తాళాలుంటే.

అరగంటలో భీముడు తయారయ్యాడు. పొట్ట మీద రెండు దిండ్లు కట్టారు. ధనంజయ పెట్టెలోని కిరీటం తీసి పెడితే అది కనుబొమల దగ్గర ఆగక ముక్కు మీదికి జారింది. వెనక గుడ్డ పీలికలు కుక్కి నిలబెట్టారు. గద ఎత్తబోతే గదే అతన్ని ఎత్తేలా ఉంది. పిల్లలకు పాఠం చెప్పే అయ్యవారు బండిలో అన్నం కొండ పక్కన కూర్చుని కనిపించేసరికి, ఎనిమిది మంది విద్యార్థులూ డప్పుల కంటే ముందు నడిచారు.

మొదటి ఇల్లు, పప్పన్నం ముద్ద. రెండో ఇల్లు, సంగటి ముద్ద. మూడో ఇల్లు, మళ్ళీ సంగటి. పదో ఇంటికి భీముడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాత్రలో లీనమైపోయాడని జనం మెచ్చుకున్నారు. ఇరవయ్యో ఇల్లు సొంతిల్లు. కుప్పమ్మ చేతిలో ముద్ద పట్టుకుని నిలబడింది.

"అమ్మా, నావల్ల కాదు. చిన్నది పెట్టు మా."

"తిను నాయనా. గౌరి ఒక్క పూటన్నా మేత వదిలిందా?" అని అంతకు ముందిళ్ళవాళ్ళెవరూ పెట్టనంత ముద్ద నోట్లో కుక్కింది.

యాభై రెండిళ్ళు అయ్యేసరికి పొద్దు వాలింది. ఈలోపు మైదానంలో లక్క ఇల్లు వంతు వచ్చినవాళ్ళు తమ పని తాము చూసుకుంటున్నారు. వాళ్ళ చీటీలో తేదీ, వారం రెండూ సరిగ్గానే ఉన్నాయి. బండి వీధి మలుపు తిరిగి మైదానంలోకి రావడమూ, వాళ్ళు గడ్డికి నిప్పు పెట్టడమూ ఒక్కసారే జరిగాయి. ఎండు తాటాకు ఫెళఫెళమని అంటుకుంది. ఎద్దులు భారతం వినలేదు కాబట్టి వాటికి ఇది కథ అని తెలియదు. తోకలెత్తి పరుగు లంకించుకున్నాయి.

బండి మంటల పక్కనుంచి దూసుకుపోయింది. భీముడు గద వదిలేసి అన్నం కొండను కౌగిలించుకున్నాడు. ఒక దిండు జారి దారిలో పడింది. వడల దండ కిరీటానికి చుట్టుకుంది. "నాయనోయ్, ఆపండ్రా!" అన్న కేక మాత్రం వెనక్కి వినపడింది. హరికథ చెప్పే భాగవతార్ గట్టివాడు. చిడతలు ఆపకుండానే, "అదుగో, లక్క ఇంట్లోంచి భీమసేనుడు బయటపడె! ఆకలి గలవాడు కాబట్టి అన్నంతో సహా బయటపడె!" అని అందుకున్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఎద్దులు పాకాల రోడ్డు మీద బస్సు స్టాపు దగ్గర నీళ్ళ తొట్టి చూసి ఆగాయి. అక్కడ బస్సు కోసం నిలబడి ఉన్న పాతిక మందికీ ఆకాశం నుంచి దిగినట్టు అన్నం బండి దొరికింది. బస్సు వచ్చింది కానీ ఎవరూ ఎక్కలేదు. డ్రైవరూ కండక్టరూ కూడా దిగి ఆకులు పట్టుకున్నారు. భీముడు తొట్టి పక్కన వెల్లకిలా పడుకుని, ఎవరైనా అన్నం అనే మాట అంటే చాలు, చెవులు మూసుకున్నాడు.

ఆదివారం పొద్దున ధనంజయ దిగాడు. శుక్రవారం రాత్రి నుంచి పచ్చి గంగ ముట్టలేదు. బకాసుర వధకు ముందు ఒక పగలూ రెండు రాత్రులూ కడుపు మాడ్చుకోవడం ఆయన పద్ధతి. మైదానంలో బూడిద తప్ప బండి కనిపించలేదు.

"బువ్వేదబ్బా?"

"నిన్ననే అయిపోయింది ధనంజయా," అన్నాడు ఏకాంబరం, నేల చూపులు చూస్తూ.

"అయిపోయిందా? ఎవురు తిన్నింది?"

అందరూ యువరాజ్‌ను చూపించారు. ధనంజయ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. చూడ్డానికి ఎక్కువ సేపు పట్టలేదు.

"ఈ మునక్కాయా?" అని ఒక్క అరుపు అరిచాడు. అరుపు కోపంతో వచ్చిందో ఆకలితో వచ్చిందో గానీ, గుడి గోపురం మీద పావురాలన్నీ లేచిపోయాయి. తేదీ ప్రకారం వచ్చిన భీముణ్ణి పస్తు పంపితే ఊరికి మంచిది కాదని తిరుమలమ్మే ముందుగా భయపడింది. "ఒరే, ఇంకో రెండు మూటలు దించండి," అంది. పన్నెండు గంటలకల్లా రెండో బండి కదిలింది. ధనంజయ యాభై రెండిళ్ళలోనూ తిని, తిరిగొచ్చి, ఇంకేమన్నా ఉందా అని అడిగాడు.

ఆ సాయంత్రం వాన కురిసింది. ఉత్త చినుకులు కాదు, మామిడి పిందె నిలబడేంత, చెరకు లేచి కూర్చునేంత పదును వాన. నాలుగేళ్ళుగా ఏప్రిల్‌లో అంత వాన చూడలేదని ముసలివాళ్ళు అరుగుల మీద చెప్పుకున్నారు.

మిగతా రోజుల తప్పు చీటీలు వెనక్కి తెప్పించి, కొత్తవి ఓబయ్య పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. యువరాజ్ పక్కన కూర్చుని గోడ క్యాలెండర్ చదివి చెప్పాడు. మధ్యాహ్నాలు గది తలుపేసుకుని కంప్యూటర్ పేగులన్నీ వెతికాడు. వెతకడం మొదలుపెట్టిన ఐదో రోజున దొంగ దొరికింది. ప్రోగ్రాములు లెక్కల కోసం సాయమడిగే ఫైళ్ళను లైబ్రరీలంటారు. వారాలు చెప్పే లైబ్రరీ పాతదాంట్లో రెండువేల సంవత్సరం ఫిబ్రవరికి ఇరవై తొమ్మిదో రోజు లేదు, కాబట్టి మార్చి నుంచి వారాలన్నీ ఒక రోజు వెనకబడతాయి. అందుకే డిసెంబరులో ఫ్లాపీ మీద కొత్తది తెచ్చి వేశాడు. పాతదాన్ని తీసేయకుండా ఒక మూల ఉంచాడు. శుక్రవారం ప్రశ్నలు చదవకుండా నొక్కిన మీట కూడా దాన్ని అలాగే ఉంచేసింది. కొత్త లైనక్స్ వచ్చి ఇల్లు సర్దుకుంటూ, ఎవరి దగ్గర ఏముందో తెలియక, ముందుగా ఎదురైన పాతదాన్నే అడగడం మొదలుపెట్టింది.

ఇది ఓబయ్యకు అర్థమయ్యేలా చెప్పబోయాడు. "తాతా, ఊరికి కొత్త తలారి వచ్చినాడనుకో. పాతోణ్ణి ఇంటికి పంపలా. వాడు ఊరి మొదట్లోనే కూర్చోనుండాడు. కొత్తగా వచ్చినోళ్ళు దారెట్ల అని వాణ్ణే అడగతా ఉండారు. వాడు పాత దారే జెప్తా ఉండాడు."

ఓబయ్య పొడుం డబ్బీ మూసి, "నన్నేనా అనేది?" అన్నాడు.

"అయ్యో, నిన్ను గాదు తాతా! ఫైలును!"

"ఊఁ. నేను జెప్పిన దారి మాత్రం తప్పు గాదులే," అని లేచి వెళ్ళిపోయాడు. యువరాజ్ పాత ఫైలును తీసేశాడు. ప్రోగ్రాం నడిపాడు. ఏప్రిల్ ఇరవై మూడు, ఆదివారం. వారం రోజులు ఆలస్యంగా నిజం చెప్పిన ఆ తెరను చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

భారతం అయిన మర్నాడు గుడి పెద్దలు కూర్చున్నారు. యువరాజ్ కీబోర్డును గోనెసంచిలో చుట్టి సిద్ధంగా నిలబడ్డాడు. కుప్పమ్మ తలుపు దగ్గర నిలబడి, ఇప్పుడు అమ్మితే గౌరికి సగం ధరన్నా వస్తుందా అని పక్కింటావిడను అడుగుతోంది. యువరాజ్ తప్పంతా ఒప్పుకున్నాడు. ఫైలు కథ చెప్పి, దాన్ని తీసేశానని చెప్పి, తన దగ్గరున్న తాళంచెవితో చెయ్యి చాచాడు.

"తాళంచెవి తీసుకోండి మామా. గది ఈ పొద్దే ఖాళీ చేస్తా."

గుత్తి గలగలమంది. ఈసారి అది సంతోషం గలగల. యువరాజ్‌కు మాత్రం ఆ కంగారులో తేడా తెలియలేదు. ఏకాంబరం తిరుమలమ్మ వైపు చూశాడు.

"ఆ వాన ఎందుకు పడిందో తెలుసునా నీకు?" అంది తిరుమలమ్మ. "ఇన్నేండ్లూ బకాసురుడు ఒక్క బండి తిని ఆకలితోనే పోతా ఉన్నాడు. ఈ తడవ రెండు బండ్లు తిన్న్యాడు, కడుపు నిండింది. ఊరి ఆడోళ్ళమంతా మాట్లాడుకున్న్యాం. శనివారం సిన్న భీముడు, ఆదివారం పెద్ద భీముడు. ఇంక మా ఇంట్లో ఏటా రెండు బండ్లే."

"అవ్వా! అది తప్పు చీటీ గదా!"

"వాన తప్పా?"

ఏకాంబరం గుత్తిలోంచి ఆ గది రెండో తాళంచెవి కూడా విడదీసి అతని చేతిలో పెట్టాడు. "చీటీలు ఓబయ్య మామ రాస్తాడు. గది నీది. ఎన్నేండ్లన్నా ఉండు. సిన్న భీముడికి ఊళ్ళో ఒక గదన్నా లేకపోతే బాగుండదు గదప్పా."

కంప్యూటర్‌లోంచి పాత ఫైలును తీసేయడానికి యువరాజ్‌కు ఒక్క నిమిషం పట్టింది. కానీ చిన్న భీముడి రోజు కూడా కలిపి కొలిమిగుంటపల్లె భారతం ఇప్పుడు పంతొమ్మిది రోజులు. ఏటా దిండ్లు కట్టించుకునేటప్పుడు, దీన్ని తీసేయడానికి ఏ మీట నొక్కాలా అని అతను ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.